మూడు మెట్ల హోటల్లో మొదటి విస్తరి

మా చెల్లెలి మనవరాలు హైదరాబాదులో వంట నేర్పే కాలేజీలో చేరింది. మొన్న ఇంటికి వచ్చి, నోటుబుక్కు తెరిచి, "తాతా, మీ హోటల్ పప్పుచారు కొలతలు చెప్పు" అంది. చెప్పాను. కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, ఉల్లిగడ్డలు, ఎల్లిపాయలు, పోపులోకి పల్లినూనె ఇంత. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి "తగినంత" అన్నాను. ఆ పిల్ల కూడా "తగినంత" అని రాసుకుని, పుస్తకం మూసి, చాయ్ తాగి వెళ్లిపోయింది.

వెళ్లాక నాకు మనసు కుదుటపడలేదు. ఆ మాట అంత తేలికగా చెప్పే హక్కు నాకు లేదు. దాని వెనక పదహారేళ్ల పని ఉంది, నేను చేసిన ఒక తప్పు ఉంది, ఆ తప్పును తన నెత్తిన మోసిన ఒక మనిషి ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు కొలతల కన్నా అది తెలియడం ముఖ్యమనిపించి ఇది రాస్తున్నాను.

మూడు మెట్లు

వరంగల్‌లో మార్కెట్‌కు వెళ్లే దారిలో ఉండేది మా హోటల్. బోర్డు మీద దేవుడి పేరుతో పెద్ద పేరే రాసి ఉండేది గాని దాన్ని ఎవరూ పలకలేదు. రోడ్డు మీద నుంచి మూడు బండరాతి మెట్లు ఎక్కాలి కాబట్టి అందరికీ అది మూడు మెట్ల హోటలే. డెబ్బైల మొదట్లో నాగభూషణం సేటు దాన్ని తెరిచాడు. వాళ్ల కుటుంబానిది బట్టల వ్యాపారం. అన్నదమ్ములు నవ్వినా వినకుండా ఆయన అన్నం అమ్ముతానని కూర్చున్నాడు. తెరిచిన ఏడాదికి నేను వంటమాస్టర్‌గా చేరాను. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. పాలకుర్తి దగ్గర మా పల్లె. మా బాపు పెళ్లిళ్లకు వండేవాడు. ఆయన వెంట తిరిగి నేర్చుకున్నదే నా చదువు.

టిఫిన్లు లేవు, చాయ్ లేదు. మధ్యాహ్నం భోజనం ఒక్కటే. అన్నం, పప్పుచారు, ఒక కూర, ఒక తొక్కు, మజ్జిగ. మిర్చి, పత్తి, పసుపు బస్తాలతో పరకాల వైపు నుంచీ పాలకుర్తి వైపు నుంచీ వచ్చిన రైతులు, బస్తాలు మోసే హమాలీలు, చుట్టుపక్కల దుకాణాల గుమస్తాలు తినేవాళ్లు. పొద్దున్నుంచి ఎండలో బస్తా మీద కూర్చుని వచ్చిన మనిషి విస్తరి ముందు ఎట్లా కూర్చుంటాడో చూసినవాడికి వంట అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సేటుకు కోపం ఎక్కువ. అది ముందే చెప్పాలి. గుమ్మంలో చెప్పు తిరగబడి ఉన్నా అరిచేవాడు. కాని ఆయన పెట్టిన ఒక నియమం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. వడ్డించేవాడు "ఇంకా కావాలా?" అని అడగకూడదు.

"అడిగితే వద్దంటడు. ఊరోడు సిగ్గుపడుతడు. ఇస్తరి దిక్కు చూసి పెట్టుండ్రి, మొకం దిక్కు చూసి కాదు" అనేవాడు.

ఈనాటి హోటళ్లలో వంగి వంగి అడుగుతారు. అడగడం మర్యాదే. కాని చూడడం మానేశారు. ఇది నా అభిప్రాయం.

రెండో నియమం నైవేద్యం. వండినదంతా ముందు దేవుడికి. సేటు ఒక చిన్న ఇత్తడి గిన్నెలో అన్నం, మరో గిన్నెలో పప్పుచారు తీసుకుని, మూతికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, తన కుర్చీ వెనక పటం ముందు పెట్టేవాడు. గంట మోగాకే తలుపులు తెరిచేవాళ్లం. అంతవరకూ ఎవరూ నోట పెట్టకూడదు, వాసన కూడా చూడకూడదు. నేను చేరిన కొత్తలో అడిగాను, "సేటూ, రుచి చూడకుంట ఉప్పు ఎట్ల తెలుస్తది?" అని.

"మీ బాపుకు ఎట్ల తెలిసేది?"

"ఆవిరి పట్టుకొని చెప్పేటోడు."

ఆయన "ఆవిరి దానంతట అది వచ్చి ముక్కుకు తాకితే తప్పు లేదు" అన్నాడు. అట్లా మా ఇద్దరికీ రాజీ కుదిరింది.

ముక్కు మాస్టర్

మా బాపు విద్య నాకు వచ్చింది. ఉడుకుతున్న గుండిగ మీద వంగి ఆవిరిని ఒక్కసారి లోపలికి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేవాణ్ని. దాని రహస్యం ఏమిటో ఈనాటికీ నాకు పూర్తిగా తెలియదు. ఉప్పుకు వాసన లేదు. ఉప్పు పడ్డాక చింతపండు పులుసు ఉడికే వాసన మారుతుందేమో, లేదా నా పిడికిలి కొలతే సరిగ్గా ఉండి ముక్కు దాన్ని ఒప్పుకునేదేమో. ఏమైనా తప్పేది కాదు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఒక కిటికీ ఉండేది. తొందరగా వచ్చిన రైతులు అరుగు మీద నిలబడి, తలుపు సందుల్లోంచి ఆ కిటికీ వైపు చూసేవాళ్లు. నేను వంగి, కళ్లు మూసుకుని, లేచి, "ఉప్పు పడ్డది" అనేవాణ్ని. వాళ్లు సంతోషించేవాళ్లు. నాకు "ముక్కు మాస్టర్" అని పేరు పెట్టారు.

ఆ పేరు నాకు తలకెక్కింది. దాచడం దేనికి? అవసరం లేకపోయినా వంగడం మొదలుపెట్టాను. కిటికీ అవతల మనుషులు ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు వంగేవాణ్ని.

కొమురమ్మ అప్పటికే హోటల్లో ఉంది. రఘునాథపల్లి ఆమెది. భర్త చనిపోయాక ఊళ్లో కూలి చాలక వరంగల్ వచ్చి, స్టేషన్ వెనక చిన్న గదిలో ఉండేది. కారం దంచడం, తొక్కు నూరడం, పప్పు చెరగడం, డబ్బాలూ గిన్నెలూ కడగడం ఆమె పని. వంటింటి గుమ్మం పక్కన రోలు, రోలు పక్కన ఆమె. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను కొమురక్క అనేవాణ్ని, ఆమె తమ్మీ అనేది. మిర్చి కొనాల్సి వస్తే సేటు ఆమెనే మార్కెట్‌కు పంపేవాడు. కాయ విరిచి వాసన చూసి, అది ఏ నేలలో పండిందో, నీళ్లు చల్లి బరువు పెంచారో లేదో చెప్పేది. అసలు ముక్కు ఆమెది. ఆమెకు కిటికీ లేదు, అంతే.

చేరిన ఆరో ఏడు వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. దాంతో పాటు గట్టి జలుబు. పది రోజులకు జ్వరం తగ్గింది, జలుబూ తగ్గింది. వాసన తిరిగి రాలేదు. మొదటి రోజు గుండిగ మీద వంగితే వేడి తగిలింది గాని ఇంకేమీ లేదు. నీళ్ల మీద వంగినట్టుంది. దవాఖానలో డాక్టర్ "వస్తది, ఫికర్ చేయకు" అన్నాడు. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి.

సేటుకు చెప్పలేదు. చెబితే తీసేస్తాడని భయం ఒక పాలు. ముక్కు మాస్టర్ అన్న పేరు పోతుందన్న బాధ మూడు పాళ్లు. పిడికిలి కొలత మీద నమ్మకం ఉంచి, ఎప్పటిలాగే వంగి, కళ్లు మూసుకుని, "ఉప్పు పడ్డది" అనేవాణ్ని. మిర్చి ఘాటుకు అందరితో పాటు నాకూ తుమ్ములు వచ్చేవి. ఘాటుకు వాసనతో పని లేదట. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక్క కొమురక్కకు తప్ప. ఒకరోజు పోపు పెట్టి, వెనక్కి తిరిగి కరివేపాకు దూస్తున్నాను. రోకలి చప్పుడు ఆగింది.

"తమ్మీ, ఆవాలు మాడుతానయి."

గబుక్కున దించాను. ఆమె నా ముఖంలోకి చూసింది. మర్నాటి నుంచి రోలు దగ్గర నుంచే పాటలాగా మాటలు వచ్చేవి. "ఎల్లిపాయ వేగింది తమ్మీ." "పప్పు అడుగంటేటట్టున్నది, జర తిప్పు." "గీ చింతపండు పాతది, ఇంకింత పట్టు." నేను అడగలేదు, తనకు తెలుసని ఆమె చెప్పలేదు. అయినా ఏడు నెలలు ఆమె ముక్కుతో నేను వండాను. మెచ్చుకోళ్లు మాత్రం కిటికీ దగ్గర నేనే తీసుకున్నాను.

ఆ డబ్బా

కట్టెల పొయ్యి అంటించడానికీ, కరెంటు పోతే దీపాలకూ కిరోసిన్ వాడేవాళ్లం. మా దిక్కు గ్యాసునూనె అంటారు. పల్లినూనె డబ్బాలు, గ్యాసునూనె డబ్బాలు ఒకే తీరు రేకు డబ్బాలు. కలిసిపోకుండా గ్యాసునూనె డబ్బా పిడికి ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టి బయట అరుగు మీద ఉంచేవాళ్లం. ఖాళీ అయిన నూనె డబ్బాను కొమురక్క బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించేది.

మిర్చి సీజన్ అది. వీధంతా బస్తాలు, ఊరంతా దగ్గు. తప్పు జరిగిన రోజుకు ముందటి సాయంత్రం గ్యాసునూనె డబ్బాకు చిల్లు పడి కారుతోంది. నేనే చూశాను. చేతికి దొరికిన డబ్బా, కొమురక్క కడిగి బోర్లించిన డబ్బా, తీసి అందులోకి వంచేశాను. పేలిక కట్టలేదు. తరువాత దీపాల్లో పోయడానికి అందులోంచి వాడాం. అడుగున సోలెడు మిగిలింది. పొద్దున కొత్తగా వచ్చిన పల్లినూనె పోయడానికి డబ్బా కావాలి. అదే డబ్బా. సాయంత్రం అందులో ఏం పోశానో మరిచి, అడుగున మిగిలింది పాత పల్లినూనే అనుకున్నాను. ముక్కు ఉన్నవాడెవడూ ఆ పని చేయడు. పోసేశాను. ఆ నూనెతోనే పోపు పెట్టాను. పొయ్యి అంటించినప్పటి గ్యాసునూనె వాసన పొద్దున పూట మా వంటింట్లో ఎప్పుడూ ఉండేదే కాబట్టి వడ్డించేవాడు లోపలికి వచ్చినా పట్టించుకోలేదు. కొమురక్కను ఆ పొద్దున సేటు మిర్చి చూడడానికి మార్కెట్‌కు పంపాడు.

నేను వంగాను. కళ్లు మూసుకున్నాను. "ఉప్పు పడ్డది" అన్నాను.

సేటు ఉత్తరీయం మూతికి అడ్డం పెట్టుకుని నైవేద్యం తీసుకెళ్లాడు. గంట మోగింది. తలుపులు తెరిచాం.

ఇరవై మంది ఒకేసారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మొదట ఒకరు ఊశారు, తరువాత అందరూ. "ఏందిది, గ్యాసునూనె!" "పప్పుచారా, దీపంల పోసేదా?" విస్తర్లు తోసేసి లేచారు. పాలకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం తింటూనే ఉన్నాడు. సేటు పరుగున పోయి ఆయన చేయి పట్టుకున్నాడు.

"తాతా, ఊయి! తెలుస్తలేదా?"

"తెలుస్తాంది. పట్నంల గిట్లనే ఉంటది గావచ్చు అనుకున్న" అన్నాడాయన.

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కాని ఆ ముసలాయన మాట నాకు ఇన్నేళ్లుగా వినపడుతూనే ఉంది. మనం ఏది పెడితే అదే సరైందనుకుని తినే మనిషి అతను. వంటవాడు భయపడాల్సింది ఊసినవాళ్లకు కాదు, అతనికి.

సేటు వంటింట్లోకి వచ్చాడు. నూనె డబ్బా ఎత్తి వాసన చూశాడు. ఆయన ముఖం నల్లబడింది. మనుషులకు పెట్టినదాని కన్నా దేవుడికి పెట్టినది ఆయన్ను ఎక్కువ కాల్చింది.

"ఈ డబ్బా ఎవరు కడిగిండ్రు?"

అప్పుడే కొమురక్క మిర్చి మూట నెత్తిన పెట్టుకుని వెనక గుమ్మంలో అడుగు పెట్టింది.

"కొమురక్క" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. కడిగింది ఆమే. ఆ రోజంతా నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. అబద్ధం కాని మాటతో ఎంత అన్యాయం చేయవచ్చో ఆ రోజే నేర్చుకున్నాను.

సేటు అరుపులు వీధిలోకి వినపడ్డాయి. రైతులంతా కిటికీ దగ్గర నిలబడ్డారు. కొమురక్క మూట దించి, "నేను కడిగి ఎండల బోర్లేసిన సేటూ" అంది. ఒక్కసారే అంది. తరువాత నా వైపు చూసింది. నాకు వాసన తెలియదని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాట అంటే చాలు, పని పోయేది నాది. ఆమె అనలేదు. నేనూ అనలేదు.

"ఇగ రాకు" అన్నాడు సేటు.

కొంగుతో చేతులు తుడుచుకుని, రోలు పక్కనున్న తన సంచి తీసుకుని, నా పక్క నుంచే వెళ్తూ ఒక్క క్షణం ఆగింది.

"మసిగుడ్డ అంటుకుంటాంది తమ్మీ, చూసుకో."

కిందికి చూశాను. పొయ్యి అంచున నా మసిగుడ్డ ఎర్రగా రాజుకుంటోంది. దాన్ని తొక్కి ఆర్పి తలెత్తేసరికి ఆమె వెళ్లిపోయింది.

రఘునాథపల్లిలో

వారం రోజులు వండాను. ఎట్లా వండానో నాకే తెలుసు. ఆవాల చిటపట లెక్కపెట్టి పోపు దించేవాణ్ని. రోలు దగ్గర వేరే మనిషిని పెట్టారు. పాపం ఆమెకేం తెలుసు, తన పని తాను చేసుకునేది. కొమురక్క స్టేషన్ వెనక గది ఖాళీ చేసి ఊరికి పోయిందని విని, ఎనిమిదో రోజు సేటుకు వేరే సాకు చెప్పి బస్సెక్కి రఘునాథపల్లి వెళ్లాను.

ఊరి చివర ఎవరిదో కల్లంలో కొమురక్క కూలికి మిరపకాయలు ఏరుతోంది. తాలుకాయలు ఒక పక్క, మంచివి ఒక పక్క. నన్ను చూసి లేవలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చుని నేనూ కాయలు ఏరబోయాను. ఆమే అడిగింది.

"వాసన వస్తాందా?"

"లేదక్కా."

"మరి నన్ను ఎల్లగొట్టి, ఎవ్వరి ముక్కుతోని వండుతానవ్?"

ఆమె చేతులు ఏరుతూనే ఉన్నాయి.

"తప్పయింది అక్కా. డబ్బాల పోసింది నేనే."

"నాకెందుకు చెప్తానవ్? నాకు తెల్వదా? నా పేరు నలుగురి ముందట తీసినవ్. గా నలుగురి ముందటనే చెప్పు."

"సేటు తీసేస్తడు."

"నన్ను తియ్యలేదా?" అంది. కోపంగా కాదు, మామూలుగా. "పో, బస్సు పోతది" అని ఒక గుప్పెడు మంచి కాయలు నా జేబులో పోసింది.

తిరిగొచ్చి మర్నాడే చెప్పానని రాయాలని ఉంది. అట్లా జరగలేదు. రేపు చెబుదాం, రద్దీ తగ్గాక చెబుదాం, సేటు మంచిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకుంటూ ఇంకో ఇరవై రోజులు గడిపాను. ఈ ఇరవై రోజులే నన్ను ఎక్కువ బాధిస్తాయి. డబ్బా విషయంలో నేను గుడ్డివాణ్ని. ఈ ఇరవై రోజులూ కళ్లు తెరిచే ఉన్నాను.

నలుగురి ముందు

పరకాల నుంచి ఓదెలు అనే రైతు వచ్చేవాడు. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు కిటికీలోంచి తల పెట్టి, "ఏం మాస్టర్, ఇయ్యాల డబ్బాలు మంచిగ తోమిండ్రా? కొమురమ్మ కడుగుడు కాదు గద?" అన్నాడు. అందరూ నవ్వారు.

"అదేం మాట?" అన్నాను.

"మార్కెట్ల అందరు అంటరు. హమాలి బస్తా సక్కగ కుట్టకపోతే 'కొమురమ్మ కడుగుడు' అంటాండ్రు. పాపం గా ముసలామె పక్క హోటల్ల పని అడగవోతే, నువ్వేనా గా కొమురమ్మవు అన్నరట. ఇగ యాడ పెట్టుకుంటరు?"

పప్పు తిప్పే గంటె నా చేతిలోనే ఉంది. మూడు నెలలు, ఆరు నెలలు పోతే జనం మరిచిపోతారని నేను నాకు చెప్పుకుంటున్న మాట అక్కడితో పడిపోయింది. ఆమె పేరుతో మార్కెట్‌లో ఒక తిట్టు పుట్టించాను. అది నాకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

గంటె కింద పెట్టి భోజనాల గదిలోకి వచ్చాను. వంటవాడు గదిలోకి రావడం మా దగ్గర అలవాటు లేదు. తింటున్నవాళ్లు తలెత్తారు. సేటు కుర్చీలోంచి, "ఏమైంది?" అన్నాడు.

"గా డబ్బా కొమురక్క మంచిగనే కడిగింది. అండ్ల గ్యాసునూనె పోసింది నేను. నూనె పోసింది నేను. నాకు వాసన తెల్వది. వానకాలం జ్వరం వచ్చిన కాన్నుంచి తెల్వది" అన్నాను.

ఓదెలు ముద్ద చేతిలో పట్టుకుని అడిగాడు, "మరి నువ్వు రోజు గా ఆవిరి చూసుడు?"

"ఉత్తదే."

"ఉత్తదా!"

మూలన ఒకాయన, "ముక్కు లేకుంటనే గింత మంచిగ వండినవా? ఉంటె ఇంకేం జేద్దువో" అన్నాడు. కొందరు నవ్వారు. ఓదెలు నవ్వలేదు.

"నీ సంగతి సరే మాస్టర్. మరి ఆమె పేరు? బజార్ల పడ్డ పేరును ఎవలు ఎత్తాలె?"

గది ఖాళీ అయ్యాక సేటు పిలిచాడు. భుజం మీది తువ్వాల తీసి బల్ల మీద పెట్టాను. ఇక అయిపోయిందనుకున్నాను.

"దేవునికి గ్యాసునూనె పెట్టిచ్చినవ్ రాజలింగం. అది నేను మరువ" అన్నాడు. పటం వైపు చూశాడు. "నిన్ను తీసేస్తే ఆమె వస్తదా? తువ్వాల తీసుకో. రేపు బస్సుకు పోదాం."

"ఇద్దరమా?"

"తిట్టింది నేను గాదా?"

నైవేద్యం పెట్టించినవాణ్ని నేను. వెళ్లగొట్టినవాడు ఆయన. ఇద్దరం తెల్ల బట్టలు వేసుకుని పెళ్లి చూపులకు పోయినట్టు రఘునాథపల్లిలో బస్సు దిగాం. ఊళ్లో జనం ఆగి చూశారు. కొమురక్క గుమ్మంలో నిలబడింది. సేటు నోటికి క్షమించమనే మాట అలవాటు లేదు. ఆయన గడప దాటి, కింద కూర్చుని, "నీళ్లియ్యి కొమురమ్మా" అన్నాడు. ఆ కాలంలో ఆ ఇంట్లో ఆయన నీళ్లు అడిగి తాగడమంటే ఏమిటో చూస్తున్నవాళ్లందరికీ తెలుసు. చెంబెత్తి తాగాడు, చివరి గుక్క దాకా.

"రాజలింగం అందరి ముందట చెప్పిండు. నువ్వు రావాలె" అన్నాడు.

కొమురక్క చెంబు తీసుకుంది. "వస్త. గని రోలు కాడికే రాను. దేవునికి పెట్టినంక మొదటి ఇస్తరి నాది. అందరు చూసేటట్టు గదిల కూసుండి తింట. నేను తిని పెట్టుమన్నంకనే తలుపు తెరువాలె."

సేటు నా వైపు చూశాడు. "ఎందుకు?"

"నా పేరు మీద మాట పడ్డది సేటూ. ఇగ బువ్వ గూడ నా పేరు మీదనే పోవాలె."

మొదటి విస్తరి

మర్నాటి నుంచి అట్లాగే జరిగింది. గంట మోగేది. కొమురక్క చేతులు కడుక్కుని కిటికీ ఎదుటి బల్ల దగ్గర కూర్చునేది. వడ్డించేవాళ్లం. అరుగు మీద రైతులు తలుపు సందుల్లోంచి చూస్తుండేవాళ్లు. మెల్లగా నాలుగు ముద్దలు తినేది. తల ఊపేది కాదు, మెచ్చుకునేది కాదు. ఒకటే మాట.

"పెట్టు."

అప్పుడు తలుపులు తెరిచేవాళ్లం. మొదటి రోజు ఓదెలే గట్టిగా అరిచాడు, "కొమురమ్మ తిన్నదా? ఇగ ఫికర్ లేదు!" అని. రెండు మూడు నెలల్లో మార్కెట్‌లో మాట మారింది. నాణ్యమైన సరుకు చూపించేటప్పుడు "కొమురమ్మ తిన్న బువ్వ" అనడం నేను నా చెవులతో విన్నాను. జనం ఒక పేరును ఎంత తేలికగా పడగొడతారో అంత తేలికగా ఎత్తుతారు. మధ్యలో ఒకడు నోరు తెరవాలి, అంతే.

ఆమె వచ్చిన వారానికే సేటుకు చెప్పి ప్రతి బల్ల మీదా ఒక చిన్న ఉప్పు గిన్నె పెట్టించింది. "చెమటోడ్చెటోళ్లు, ఉప్పు ఎక్కువ తింటరు" అంది. మంచి ఆలోచన అనుకున్నాను. నాకు వాసన తెలియడం రెండేళ్లకు సగం తిరిగి వచ్చింది. గుండిగ మీద వంగడం మాత్రం మళ్లీ చేయలేదు. నేను వండింది నేను తినేవాణ్ని కాదు. పొద్దున్నుంచి పొగలో నిలబడితే మూడు గంటలకు ఆ అన్నం గొంతు దిగదు. మజ్జిగ బువ్వ, మామిడికాయ తొక్కుతో సరిపెట్టుకునేవాణ్ని. మా బాపూ అంతే. అందుకని పదేళ్ల పాటు నా వంట ఎట్లా ఉందో నాకు తెలిసింది ఒక్క "పెట్టు" అన్న మాటతోనే.

చివరి రోజు

ఎనభైల చివర్లో సేటు ఆరోగ్యం చెడింది. పిల్లలకు బట్టల దుకాణం మీదే ఆసక్తి. హోటల్ మూసేస్తున్నామని తెలిసి ఆ రోజు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. మెట్ల మీద, వీధిలో నిలబడ్డారు. గంట మోగింది. విస్తరి వేశాం. కొమురక్క అప్పటికి బాగా వంగిపోయింది. కూర్చుంది, కాని చేయి పెట్టలేదు.

"తమ్మీ, ఇట్ల రా. ఇయ్యాల నువ్వు కూసో. నువ్వు చెప్పు."

"నేనా అక్కా?"

"కూసో. బయట ఎండల నిలవడ్డరు జనం."

పదహారేళ్లలో మొదటిసారి ఆ గదిలో, ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. పప్పుచారు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇంకో ముద్ద.

"అక్కా, ఉప్పు తక్కువైంది."

కొమురక్క పళ్లు లేని నోటితో నవ్వింది. పక్కన సేటు కూడా నవ్వుతున్నాడు.

"పదేండ్ల సంది తక్కువనే ఉంటాంది" అంది. "గా డబ్బా దినం నుంచి నీ చెయ్యి జడిసింది. పిడికిలి నిండ పట్టుతలేవు. మరి బల్ల మీద గిన్నెలెందుకు పెట్టిచ్చిన అనుకున్నవ్?"

సేటుకు తెలుసు. వడ్డించేవాళ్లకు తెలుసు. కూర్చోగానే గిన్నెలోంచి చిటికెడు తీసుకుని కలుపుకునే రైతులందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు.

"మరి నాకు చెప్పవైతివి?"

"చెప్తే ఇంకింత జడుస్తవ్. జడిసిన చేత్తోని ఒకనాడు ఎక్కువేస్తవ్. తక్కువైతే కలుపుకుంటరు. ఎక్కువైతే యాడికెళ్లి తీస్తరు?" అని గిన్నె నా వైపు జరిపింది.

చిటికెడు ఉప్పు తీసుకుని విస్తట్లో కలుపుకున్నాను. ఇంకో ముద్ద తిన్నాను. ఇప్పుడు సరిపోయింది. ఆమె నా నోటి వంక చూస్తూ ఉంది. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"పెట్టుండ్రి" అన్నాను. తలుపులు తెరిచారు.

కొమురక్క ఇప్పుడు లేదు. సేటూ లేడు. మూడు మెట్లూ రోడ్డు కింద కలిసిపోయాయి. మా చెల్లెలి మనవరాలు మళ్లీ వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు అడిగి తీసుకుంటాను. "తగినంత" అన్న మాట కొట్టేసి, ఇట్లా రాయమంటాను: ఉప్పు కొంచెం తక్కువే వెయ్యి, బల్ల మీద గిన్నె పెట్టు, మొదటి విస్తరి నీ పక్కన రోలు దగ్గర కూర్చున్న మనిషికి వెయ్యి.